మన జాతీయ ఉపగ్రహము: ఇన్సాట్ చరిత్ర

పల్లెటూరి గ్రంథాలయము వెలువరించు రజతోత్సవ సంచికలో ఉపగ్రహమును గూర్చిన వ్యాసమెందులకని కొందరు చదువరులకు సందేహము కలుగవచ్చును. ఉపగ్రహము పట్టణములవారికిని, పండితులకును సంబంధించిన విషయమని మనలో పలువురి భావన. కాని మన దేశమున జాతీయ ఉపగ్రహ వ్యవస్థ పుట్టిన తీరును పరిశీలించినచో, దానిని తలపెట్టినవారి కన్నులయెదుట మొదటినుండియు నిలిచినది పల్లెయే యని తేటపడును. తంతితీగ చేరని యూరికి మాటను, ఉపాధ్యాయులు చాలని యూరికి పాఠమును, సముద్రపుటొడ్డుననున్న యూరికి తుఫాను వార్తను చేర్చుటెట్లు అను ప్రశ్నకు వెదకిన సమాధానములలో ఇన్సాట్ యొకటి. ఆ సమాధానము ఎట్లు రూపొందెనో, ఎంతవరకు ఫలించెనో, ఎచ్చట కొరవడెనో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆకాశమున నిలుకడ

భూమిచుట్టు తిరుగు ఉపగ్రహము భూమికి ఎంత దగ్గరగా నుండునో అంత వేగముగ తిరుగును. కొన్నివందల కిలోమీటర్ల యెత్తుననున్నది సుమారు గంటన్నరలో భూమిని చుట్టివచ్చును. ఎత్తు పెరిగినకొలది ఆ కాలమును పెరుగును. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమి తిరుగు దిక్కుననే తిరుగు ఉపగ్రహమునకు ఒక చుట్టు ముగియుటకు ఒక దినము పట్టును. భూమియు అంతకాలముననే తనచుట్టు తాను తిరుగును గనుక, నేలమీదనుండి చూచువానికి ఆ ఉపగ్రహము ఒకేచోట నిలిచినట్లుండును. దీనినే భూస్థిర కక్ష్య యందురు. అచ్చటినుండి చూచినచో భూగోళములో మూడవవంతుకు మించిన భాగము కనబడును. నేలమీది యాంటెన్నాను ఒకమారు దానివైపు త్రిప్పి బిగించిన చాలును; మరల కదల్చవలసిన పని లేదు.

ఈ కక్ష్యలో మూడు ఉపగ్రహములను నిలిపినచో భూమిమీది జనావాసములన్నింటికిని వార్తలు పంపవచ్చునని ఆర్థర్ క్లార్కు అను ఆంగ్లరచయిత 1945లో ఒక వ్యాసమున వివరించెను. అప్పటికి ఏ దేశమును ఉపగ్రహమును ప్రయోగించి యుండలేదు. పందొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1964లో, అమెరికావారి సింకామ్-3 ఆ కక్ష్యలో నిలిచెను. 1965లో ఎర్లీ బర్డ్ అను ఉపగ్రహము అట్లాంటికు సముద్రమునకు ఇరువైపుల దేశముల నడుమ టెలిఫోను సంభాషణలను నడపజొచ్చెను. సంపన్న దేశములు దీనిని సముద్రమును దాటు సాధనముగ వాడుకొనెను. తన దేశములోని పల్లెలను కలుపు సాధనముగ దీనిని తొలుత తలచినవారిలో భారతీయులు ముఖ్యులు.

తుంబా మొదలు అహమ్మదాబాదు వరకు

మన అంతరిక్ష కార్యక్రమము 1963 నవంబరు 21వ తేదీన కేరళ తీరమునందలి తుంబా అను జాలరిపల్లెలో ఆరంభమాయెను. ఆనాడు ఎగసిన చిన్న రాకెట్టు అమెరికాలో తయారైనది. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ ఆ ప్రాంతము మీదుగా పోవుటచే, పైవాతావరణ పరిశోధనకు అది అనువైన తావుగా నెంచబడెను. ఈ కార్యమునకు సారథి డాక్టరు విక్రమ్ సారాభాయి. ఆకలి తీరని దేశమునకు ఆకాశయానమేల యని ఆనాడు అడిగినవారు పెక్కురు. చంద్రునిపైకి పోవుటలో ధనికదేశములతో పోటీపడుట మన ఉద్దేశము కాదనియు, ప్రజల నిత్యావసరములకు నూతన శాస్త్రమును వినియోగించుటలో మాత్రము మనము ఎవరికిని వెనుకబడరాదనియు ఆయన వాదము. ఇన్సాట్ చరిత్రయంతయు ఈ వాదమునకు పరీక్షయే.

1967లో అహమ్మదాబాదునందు ఉపగ్రహములతో సంభాషించు ప్రయోగాత్మక భూకేంద్రము ఏర్పడెను. 1969 ఆగస్టు 15వ తేదీన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ స్థాపింపబడెను. మరుసటి నెలలోనే అమెరికా అంతరిక్ష సంస్థతో మన అణుశక్తి శాఖ ఒక ఒడంబడిక చేసికొనెను. అమెరికావారు ప్రయోగింపనున్న ఉపగ్రహమును ఒక సంవత్సరకాలము మనకు ఎరవిచ్చుటయు, దానిద్వారా మన పల్లెలకు టెలివిజను పాఠములను పంపుటయు ఆ ఒడంబడికయొక్క సారాంశము. 1971 డిసెంబరు 30వ తేదీన సారాభాయి ఆకస్మికముగ మరణించెను. తాను నాటిన మొక్క ఫలించుట ఆయన చూడలేదు. ఆ భారమును 1972లో ఆచార్య సతీష్ ధవన్ వహించెను.

ఎరవు ఉపగ్రహము

1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వరకు ఆ ప్రయోగము జరిగెను. ఏ.టి.ఎస్.-6 అను ఆ ఉపగ్రహమును తూర్పు ఆఫ్రికాకు పైన, మన దేశమునకు కనబడునట్లు నిలిపిరి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలలో టెలివిజను పెట్టెలను అమర్చిరి. మన రాష్ట్రమున హైదరాబాదు చుట్టుపట్ల జిల్లాలలోని పల్లెలు ఇందు చేరెను. ఆ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను. ఉపగ్రహమునుండి వచ్చు తరంగములను పట్టుటకు కోళ్ల గూటికి వాడు ఇనుపవలతో సుమారు పదియడుగుల గొడుగువంటి యాంటెన్నాలను కట్టిరి. విద్యుత్తు లేని కొన్ని యూళ్లలో బ్యాటరీలతో నడిపిరి.

ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు కార్యక్రమము. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, వినోదము ఇందలి విషయములు. ఒకే చిత్రమునకు రెండు భాషల మాటలను జోడించి పంపు వీలు ఆ ఉపగ్రహమునందు కలదు. పెట్టె ఏ ఒక్కరి యింటనో గాక బడియందో, పంచాయతీ కార్యాలయమందో యుండెను. ఊరంతయు ఒకచోట గూడి చూచెడిది. మన గ్రంథాలయములలో ఒకరు పత్రిక చదువగా పదిమంది వినెడి పూర్వపు అలవాటునకును దీనికిని దగ్గరి పోలిక కలదు.

సంవత్సరము నిండగనే ఉపగ్రహము తిరిగి అమెరికావైపు తరలిపోయెను. గొడుగులు నిలిచియున్నవి, పెట్టెలు నిలిచియున్నవి, ఆకాశమునుండి వచ్చు బొమ్మ మాత్రము ఆగిపోయెను. సొంతది కాని సాధనముపై ఊరి యలవాట్లను నిర్మింపరాదను పాఠమును ఆ దినము నేర్పెను. మనకు స్థిరముగ నుండు ఉపగ్రహము కావలెనను నిశ్చయమునకు అది బలము చేకూర్చెను.

ఒకదానిలో మూడు పనులు

అప్పటికి మూడు శాఖలకు ఆకాశమున అవసరము కలదు. తంతి తపాలా శాఖకు దూరప్రాంతములకు టెలిఫోను మార్గములు కావలెను. ఆకాశవాణి, దూరదర్శన్‌లకు కార్యక్రమములను దేశమంతట ఒకేసారి చేర్చు మార్గము కావలెను. వాతావరణ శాఖకు హిందూమహాసముద్రమును ఎడతెగక చూచు కన్ను కావలెను. సంపన్న దేశములలో ఈ మూడింటికి వేరువేరు ఉపగ్రహములను ప్రయోగించుట వాడుక. మూడు ఉపగ్రహములను, మూడు రాకెట్లను కొను స్తోమత మనకు లేదు. కావున మూడు పనులను ఒకే ఉపగ్రహముపై నుంచవలెనని నిర్ణయించిరి. భారత జాతీయ ఉపగ్రహము అను మాటలకు ఆంగ్లమునందలి క్లుప్తరూపమే ఇన్సాట్. అంతరిక్ష శాఖ, టెలిఫోను శాఖ, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్ దీనికి ఉమ్మడి హక్కుదారులు. 1978లో దీని నిర్మాణపుపని అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్ కంపెనీకి అప్పగింపబడెను.

ఈలోగా మనవారు చేయి సవరించుకొనుచుండిరి. 1977 నుండి 1979 వరకు ఫ్రెంచి, జర్మను దేశముల సింఫొని ఉపగ్రహముతో టెలిఫోను ప్రయోగములు జరిపిరి. 1981 జూన్ 19వ తేదీన ఐరోపావారి ఏరియన్ రాకెట్టుపై ఆపిల్ అను మన ప్రయోగాత్మక ఉపగ్రహము భూస్థిర కక్ష్యకు పోయెను. దాని యాంటెన్నాను పరీక్షించునపుడు లోహపు వాహనమువలన పరీక్షకు భంగము కలుగునని దానిని ఎడ్లబండిపై నుంచిరి. ఆ ఛాయాచిత్రమును చూచి కొందరు నవ్విరి. కాని అది పేదరికపు గుర్తు కాదు; కొయ్యబండి ఆ పనికి తగిన వాహనమగుటయే కారణము. కక్ష్యలో దాని రెండు సౌరఫలకములలో ఒకటి విచ్చుకొనకున్నను, మనవారు దానిని రెండు సంవత్సరములకు పైగా నడిపిరి.

ఇన్సాట్-1 నిర్మాణము

ఇన్సాట్-1 తరగతి ఉపగ్రహము ప్రయోగసమయమున సుమారు 1,150 కిలోగ్రాముల బరువుండెను. అందు దాదాపు సగము ఇంధనమే. దానిపై టెలిఫోను పనికి పండ్రెండు, టెలివిజను ప్రసారమునకు రెండు ట్రాన్స్‌పాండర్లు కలవు. ట్రాన్స్‌పాండరనగా నేలనుండి వచ్చు బలహీనమైన రేడియోతరంగమును అందుకొని, దానిని బలపరచి, వేరొక తరంగసంఖ్యపై మరల నేలకు పంపు యంత్రము. తరంగసంఖ్యను మార్చనిచో, తాను పంపు పెద్దధ్వనిలో తనకు వచ్చు చిన్నధ్వని మునిగిపోవును. టెలిఫోను తరంగములు సుమారు 6 గిగాహెర్ట్జులపై పైకెక్కి 4 గిగాహెర్ట్జులపై దిగును. టెలివిజను తరంగములు సుమారు 2.5 గిగాహెర్ట్జులపై ఎక్కువ బలముతో దిగును. పల్లెలో చిన్న యాంటెన్నాతో పట్టుకొనుటకు వీలు కల్పించుటయే ఆ బలముయొక్క ప్రయోజనము. ఈ పనులన్నింటికి కావలసిన విద్యుత్తు సౌరఫలకములనుండి వచ్చును. అది సుమారు వేయి వాట్లు. అనగా మన యిండ్లలోని ఒక విద్యుత్ ఇస్త్రీపెట్టెకు పట్టునంత మాత్రమే.

మూడవ పనికై వాతావరణ కెమెరా కలదు. అది పగటి వెలుగులో 2.75 కిలోమీటర్ల సూక్ష్మతతోను, పరారుణ కిరణములలో 11 కిలోమీటర్ల సూక్ష్మతతోను మేఘములను చిత్రించును. పరారుణ కిరణములు వేడిమినిబట్టి వెలువడును గనుక రాత్రియందును మేఘములు కనబడును. ఎత్తైన మేఘము చల్లగను, తక్కువయెత్తుననున్నది వెచ్చగను తోచుటచే వాన మబ్బుల బలమును ఊహింపవచ్చును. ఇవిగాక, మనిషి కాపురముండలేని చోట్ల నెలకొల్పిన యంత్రములు కొలిచిన వాన, గాలి, వేడిమి లెక్కలను అందుకొని ఢిల్లీకి చేర్చు సాధనమును దానిపై కలదు.

మూడు పనులను ఒకచోట చేర్చుటకు మూల్యము లేకపోలేదు. పరారుణ కిరణములను గ్రహించు భాగము సున్నకు దిగువ 150 డిగ్రీలకంటెను చల్లగా నుండవలెను. అందుకై ఉపగ్రహముయొక్క ఉత్తరపుప్రక్కను ఎండ పడని ఖాళీ ఆకాశమునకు తెరచియుంచిరి. ఆ వైపున సౌరఫలకమును అమర్చ వీలులేకపోయెను. ఫలకములన్నియు దక్షిణమువైపుననే యుండుటచే, సూర్యకాంతియొక్క ఒత్తిడి ఒకవైపు ఎక్కువై ఉపగ్రహము మెల్లమెల్లగా త్రిప్పబడును. కావడికి ఒకవైపే బరువున్నట్లు దీని స్థితి. సమతూకమునకై ఉత్తరమువైపున పొడవైన దండముపై తేలికయైన సౌరతెరచాపను నిలిపిరి. ఈ తెరచాపయే తొలి ఉపగ్రహమునకు ప్రాణసంకటమాయెను.

నష్టము, లాభము

1982 ఏప్రిల్ 10వ తేదీన ఇన్సాట్-1ఏ అమెరికా తీరమునుండి డెల్టా రాకెట్టుపై ఎగసెను. దానిని నడుపుటకు కర్ణాటకలోని హాసనమున ప్రధాన నియంత్రణ కేంద్రము సిద్ధమై యుండెను. మొదటినుండియు ఇక్కట్లే. ఒక యాంటెన్నా విచ్చుకొనక మొరాయించి, పెక్కు ప్రయత్నముల పిమ్మట తెరచుకొనెను. సౌరతెరచాప మాత్రము విచ్చుకొననే లేదు. తూకము తప్పిన ఉపగ్రహమును సరిగా నిలుపుటకు ఇంధనము ఎక్కువగా ఖర్చాయెను. కడకు అది భూమివైపు చూపు తప్పి, దిద్దుబాటుకు కావలసిన ఇంధనము తరిగిపోయి, 1982 సెప్టెంబరు 6వ తేదీన పనికిరాకపోయెను. ఏడేండ్లు పనిచేయవలసినది ఐదు నెలలైనను నిలువలేదు. టెలిఫోను, టెలివిజను, వాతావరణము మూడును ఒకేదినమున పోయెను. మూడు పనులను ఒకే బుట్టలో నుంచుటలోని అపాయము అందరికిని తెలిసివచ్చెను.

ఐనను పథకమును విడువలేదు. 1983 ఆగస్టు 30వ తేదీన ఛాలెంజర్ అను అంతరిక్ష నౌక ఇన్సాట్-1బీని మోసుకొనిపోయెను. ఆ తరగతి నౌకలలో రాత్రివేళ ఎగసినది అదియే మొదటిది. ఈమారును సౌరఫలకములు వెంటనే తెరచుకొనక ఆదుర్దా కలిగించెను. సెప్టెంబరు నెల నడుమకు అవి విచ్చుకొనగా, అక్టోబరులో సేవలు ఆరంభమాయెను. ఈ ఉపగ్రహము ఏడేండ్ల ఆయువును నిండుగ గడపెను.

దాని ఫలితములు దేశమంతట కనబడెను. 1982 ఆగస్టు 15వ తేదీన దూరదర్శన్ జాతీయ కార్యక్రమము మొదలుకాగా, ఇన్సాట్-1బీ పిమ్మట చిన్న ప్రసార కేంద్రములు దేశమున త్వరితముగ పెరిగెను. 1984 ఆగస్టు 15వ తేదీన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి పాఠ్యప్రసారములు ఆరంభమాయెను. కొండలకు, దీవులకు టెలిఫోను మార్గములు ఏర్పడెను. జిల్లా కేంద్రములను గణకయంత్రములతో ఢిల్లీకి కలిపిన నిక్‌నెట్ అను వ్యవస్థయు ఈ ఉపగ్రహముపైననే నిలిచెను.

అయితే ఒక మార్పును గమనింపవలెను. ఎరవు ఉపగ్రహపు సంవత్సరమున పెట్టె ఊరిది. పాఠము ఊరికొరకు కూర్చబడినది. జాతీయ కార్యక్రమము వచ్చిన పిదప పెట్టె ఇంటిదాయెను. కార్యక్రమమున ఎక్కువపాలు వినోదమాయెను. సాధనము పల్లెకు చేరుట యొకటి; పల్లె యవసరమును అది తీర్చుట వేరొకటి. ఈ భేదమును విస్మరించినచో ఇన్సాట్ చరిత్ర పొగడ్తగ మాత్రమే మిగులును.

తీరమునకు చేరిన మాట

మన తెలుగువారికి ఈ ఉపగ్రహముయొక్క విలువను నిశ్చయించునది తుఫానే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది మరణించిరి. తుఫాను వచ్చుచున్నదని వాతావరణ శాఖవారు ఎరుగకపోలేదు. విదేశీ ఉపగ్రహముల చిత్రములు అప్పటికే వచ్చుచుండెను. కాని ఆ తుఫాను ఎచ్చట తీరమును దాటునో సకాలమున తేలలేదు. హెచ్చరిక అనేక పల్లెలకు అందనే లేదు. గాలివేగము హెచ్చినకొలది తంతిస్తంభములు కూలి, వార్త అత్యవసరమైన గడియలోనే మార్గము తెగిపోయెను. చూచుట ఒకరి పని, చెప్పుట వేరొకరి పని, రెంటినడుమ తీగ తెగిన యెడల మధ్యనున్న పల్లె మునుగును.

ఇచ్చటనే మూడు పనులను ఒకచోట చేర్చుటలోని మేలు బయల్పడినది. తుఫానును చూచు ఉపగ్రహమే ఆ వార్తను పల్లెకు చెప్పగలదు. దానికి నేలమీది స్తంభములతో పనిలేదు. ఈ భావముతో 1980వ దశకపు మధ్యకాలమున తొలుత ఆంధ్ర, తమిళనాడు తీరములందు తుఫాను హెచ్చరిక గ్రాహకయంత్రములను నెలకొల్పిరి. చెన్నపట్టణపు తుఫాను హెచ్చరిక కేంద్రమునుండి వార్త ఉపగ్రహమునకు పోయి, ఆయా జిల్లాల సంకేతమునుబట్టి ఆయా యంత్రములకు మాత్రమే చేరును. మొదట కూత వినబడును. పిదప ప్రాంతీయ భాషలో మనిషి కంఠము వినబడును. నిదురించుచున్నవానిని లేపి విషయము చెప్పు పద్ధతి ఇది.

1990 మే 9వ తేదీన మరియొక ఘోరమైన తుఫాను కృష్ణా సాగరసంగమ ప్రాంతమున తీరమును దాటెను. దాని బలము 1977 నాటి తుఫానుకు తీసిపోయినది కాదు. ఈమారు ఇన్సాట్ చిత్రములు దాని నడకను ఎడతెగక తెలిపెను. ఆరులక్షలకు పైగా జనులను ముందుగనే సురక్షిత స్థలములకు తరలించిరి. మరణించినవారు సుమారు వేయిమంది. వేయి ప్రాణములు తక్కువవి కావు. ఐనను పదివేలకును వేయికిని గల భేదమును తీరవాసులెరుగుదురు. ఇదంతయు ఉపగ్రహముయొక్క ఘనతయని చెప్పుట న్యాయము కాదు. 1977 పిమ్మట కట్టిన తుఫాను రక్షణ భవనములు, రహదారులు, జనులను కదల్చిన అధికారులు, ఇల్లు విడిచిపోవుటకు ఒప్పుకొనిన జనులు, అందరును దీనికి కారకులు. ఉపగ్రహము వారికి గడువును ఇచ్చెను.

1996 నవంబరు 6వ తేదీ తుఫాను ఈ కథలోని రెండవ పక్షమును చూపెను. కాకినాడకు సమీపమున తీరమును దాటిన ఆ తుఫానుకు గోదావరి జిల్లాలలో వేయిమందికి పైగా బలియైరి. చేపలవేటకై సముద్రముపైకి పోయిన జాలరులు పలువురు తిరిగిరాలేదు. అప్పటికి ఆకాశమున మన ఉపగ్రహములు కలవు, వాటి కెమెరాలు కలవు. కాని నడిసముద్రముననున్న పడవకు మాటను చేర్చు సాధనము జాలరిచేతిలో లేదు. ఆకాశమున కన్ను ఎంత తీక్ష్ణమైనను, క్రింద చెవి లేనిచో ఫలితము శూన్యము. 2010 నుండి పడవలలో నుంచు ఆపద సంకేత యంత్రములు వాడుకలోనికి వచ్చెను. ఆపదలోనున్న జాలరి మీట నొక్కినచో పడవయున్న తావు ఉపగ్రహముద్వారా ఒడ్డుకు తెలియును. 2024లో వచ్చిన వీటి రెండవ తరమున ఒడ్డునుండి మారుమాటయు పడవకు చేరును. 1996లో లేనిది ఈ మారుమాటయే.

సొంత చేతి పని

ఇన్సాట్-1 ఉపగ్రహములు నాలుగును అమెరికాలో నిర్మింపబడినవి. 1986లో ఛాలెంజర్ నౌక ప్రేలిపోవుటచే ఇన్సాట్-1సీ ఆలస్యమై, 1988 జులైలో ఏరియన్‌పై పోయెను. విద్యుత్తు లోపమున సగము పనియే చేసి, 1989లో చేజారెను. ఇన్సాట్-1డీ నేలమీదనే క్రేను కొక్కెము తగిలి దెబ్బతిని, బాగుచేయబడి, 1990 జూన్‌లో ఎగసి, 2002 వరకు సేవచేసెను.

పరులపై ఆధారపడుటలోని కష్టము ఇట్లు పలుమారులు అనుభవమునకు వచ్చినందున, రెండవ తరమును బెంగుళూరులోని మన ఉపగ్రహ కేంద్రమున నిర్మించిరి. 1992 జులై 10వ తేదీన ఇన్సాట్-2ఏ ఏరియన్ రాకెట్టుపై కక్ష్యను చేరెను. బరువు సుమారు 1,900 కిలోగ్రాములు. వాతావరణ కెమెరా సూక్ష్మత పగటివెలుగులో 2 కిలోమీటర్లకు, పరారుణమున 8 కిలోమీటర్లకు మెరుగుపడెను. ఆపదలోనున్న ఓడల, విమానముల సంకేతములను అందుకొను యంత్రమును దానిపై చేర్చిరి. 1993 జులైలో ఇన్సాట్-2బీ దానికి తోడాయెను. ఆ కాలమున సంస్థకు అధ్యక్షుడు ఆచార్య ఉడుపి రామచంద్రరావు.

ఉపగ్రహము మనదైనను, దానిని మోయు రాకెట్టు ఇంకను పరులదే. ఆ కొరతయు క్రమముగా తీరినది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ తెలుగునేలపైనున్న శ్రీహరికోటనుండి 1971 నుండియు రాకెట్లు ఎగయుచున్నవి. ఆ దీవియందు తరతరములుగ నివసించిన యానాదులు ఈ కార్యమునకై తమ తావులను విడువవలసి వచ్చినదను సంగతియు చరిత్రలో వ్రాయదగినదే. 2002 సెప్టెంబరులో కల్పన-1 అను వాతావరణ ఉపగ్రహమును, 2004 సెప్టెంబరులో విద్యకై ప్రత్యేకించిన ఎడ్యుశాట్‌ను అచ్చటనుండియే మన రాకెట్లు మోసుకొనిపోయెను. 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17వ తేదీన ఇన్సాట్-3డీఎస్ అను వాతావరణ ఉపగ్రహములును శ్రీహరికోటనుండియే ఎగసెను.

ఈ పేర్లనుబట్టి ఒక సంగతి గ్రహింపవచ్చును. పాఠమునకు వేరు ఉపగ్రహము, వాతావరణమునకు వేరు ఉపగ్రహము వచ్చినవి. పూర్వపు టెలిఫోను, టెలివిజను, వాతావరణ పనులను ఒకచోటనే చేర్చిన ఇన్సాట్-3ఏ 2003 ఏప్రిల్ 10వ తేదీన, అనగా ఇన్సాట్-1ఏ ఎగసి సరిగా ఇరువదియొక్క సంవత్సరములు నిండిన దినమున, ప్రయోగింపబడి 2016 వరకు పనిచేసెను. లేమివలన ఒకచోట చేర్చిన పనులను కలిమి వచ్చినకొలది వేరుపరచుట ఉమ్మడి కుటుంబము వేరుపడుటవంటిదే. ఒకటి చెడినను మిగిలినవి నిలుచుట ఇందలి లాభము. ఐనను చూచువానిని, చెప్పువానిని కలుపు బుద్ధి మాత్రము వేరుపడరాదు.

చదువరులకు విన్నపము

నేడు ప్రతి చేతిలోను ఫోను కలదు, ఇక ఉపగ్రహపు హెచ్చరిక మనకెందులకని అనుకొనవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు సెల్‌ఫోను స్తంభములు పనిచేయక మహానగరమే మూగబోయెను. నేలమీది మార్గము గాలికి లోబడును. ఆకాశపు మార్గము లోబడదు. కాని దానిని అందుకొనుటకు నేలమీద ఒక చోటు, ఒక మనిషి ఉండవలెను.

ఆ చోటు గ్రంథాలయము కావచ్చును. గాలివానల కాలమున వాతావరణ శాఖవారి ప్రకటనను దినదినము గోడపలకపై వ్రాయుట, వాయుగుండము, తుఫాను, తీవ్రతుఫాను అను మాటల భేదమును పిల్లలకు తెలుపుట, బ్యాటరీతో నడచు రేడియోను చెడకుండ కాపాడుట, వేటకు పోవు పడవలలోని ఆపద సంకేత యంత్రము పనిచేయుచున్నదో లేదో విచారించుట, ఇవి పెద్ద వ్యయము లేని పనులు. ఇరువదియైదు సంవత్సరములుగ పుస్తకమును ఇంటింటికి చేర్చిన సంస్థకు ఈ పని క్రొత్తది కాదు. 36,000 కిలోమీటర్ల దూరమునుండి క్షణములో నాల్గవవంతుకు ఒకచోటినుండి వేరొకచోటికి మాట చేరుచున్నది. ఆ వేరొకచోటినుండి ఊరి చివరి యింటివరకు దానిని చేర్చుట మన పని.